తలుపు మూసింది కెప్టెన్ కాదు

ఒక అంతరిక్ష సీరియల్ అభిమానుల గ్రూపుకి నేను అడ్మిన్‌ని. ఓడకు మంటలంటుకున్నప్పుడు కెప్టెన్ తన ఇంజనీరును లోపలే వదిలేసి తలుపు మూసేశాడని మా గ్రూపంతా నమ్ముతుంది. స్టీలుప్లాంటులో పనిచేసే నా స్నేహితుడు అప్పలరాజు ఒక్కడే, ఇంజనీరే లోపల్నుంచి మూసుకున్నాడని అనేవాడు. మూడేళ్ల క్రితం అందరం కలిసి అతణ్ణి ఎగతాళి చేశాం. నేను కాస్త ఎక్కువే చేశాను. అతను గ్రూపు వదిలేశాడు, నాతో మాటలూ తగ్గించేశాడు.

ఈ సాయంత్రం గాజువాక బస్సులో ఊరికే కూర్చోలేక ఆ ఎపిసోడ్ మళ్లీ పెట్టాను. కెప్టెన్ బయట నిలబడి రెండు చేతులతో తలుపు బాదుతున్నాడు. లోపల తలుపు మీట మీదున్న చెయ్యి ఇంజనీరుది.

బస్సు దిగగానే అప్పలరాజుకి ఫోన్ చేశాను.

"బావా, నువ్వు సెప్పిందే నిజం. ఇంజనీరే మూసాడు."

"ఇన్నాళ్లకి సూసావేటి? వాదిస్తే వాదించావు గానీ, మళ్లీ ఓసారి సూడకుండానే నన్ను ఎర్రోణ్ణి సేసావు. అదే బాధ."

"తప్పే బావా."

"ఎక్కడున్నావ్?"

"గాజువాక బస్టాపులో."

"అక్కడే ఉండు, వత్తన్నాను."

ఇద్దరం టీ తాగాం. ఇంటికొచ్చి గ్రూపులో అతనికి క్షమాపణ రాశాను. ఇప్పుడు అందరూ నన్నే తిడుతున్నారు, ఒక్కరూ ఎపిసోడ్ తెరిచి చూడలేదు. మూడేళ్లు నేనూ అంతే కాబట్టి కోపం కూడా రావడం లేదు. మళ్లీ చూసుకోకుండా మీరు గట్టిగా వాదించినవి ఏమైనా ఉన్నాయా?