ఎలోదియా విప్పిన పీఠం

మా ఊళ్ళో ఎవరు పోయినా పీఠం కట్టేది ఎలోదియానే. గోడకు తెల్లదుప్పటి బిగించి, దానిమీద నల్లగుడ్డతో సీతాకోకచిలుకను కుట్టి, కింది మెట్ల మీద కొవ్వొత్తులూ, పోయినవాళ్ళ దాహానికి గ్లాసుడు నీళ్ళూ పెడుతుంది. తొమ్మిది రాత్రులు మేం పాడతాం. చివరి తెల్లవారుజామున పీఠం విప్పేసి, ఆత్మ వెళ్ళిపోవడానికి గుమ్మం దాకా దారి వదులుతాం. విప్పకపోతే పోయినవాళ్ళు అక్కడే ఇరుక్కుపోతారు. ముడి కాస్త వంకరపోయిందా, ఎలోదియా నోటికి దొరికిపోయినట్టే. మెచ్చుకోవడం ఆవిడకు చేతకాదు.

ఆవిడ మేనల్లుడు అర్సేనియో బడిపంతులు. బంగారు గనుల్లో బానిసలుగా చచ్చిన మా పూర్వీకుల కోసం అత్రాతో నది ఒడ్డున మ్యూజియం పెట్టించింది అతడే. నడిమి గదిలో వాళ్ళకొక పీఠం కట్టమని అత్తను అడిగాడు. వాళ్ళలో ఎవరికీ తొమ్మిది రాత్రుల పాట దక్కలేదు కదా అని ఆవిడ సంతోషంగా ఒప్పుకుంది. అది ఎప్పటికీ అలాగే ఉంటుందనేసరికి కత్తెర కింద పెట్టేసింది.

"బతికినన్నాళ్ళూ కట్టేసే ఉంచారు. చచ్చాక మనమూ కట్టేద్దామంటావా?" అంది.

ప్రారంభోత్సవానికి రాజధాని నుంచి పెద్దలొస్తున్నారని, ఖాళీ గోడ చూపిస్తే నవ్విపోతారని అర్సేనియో బతిమాలాడు. ఆవిడ వినలేదు. ఒళ్ళుమండి, ఇన్నేళ్ళుగా ఊళ్ళో ఎవరూ ఎత్తని మాట ఎత్తాడు.

"మరి నికనోర్ పీఠం నువ్వెందుకు విప్పలేదత్తా?"

అతడి చెంప పగలగొట్టాలనిపించింది నాకు. నికనోర్ ఆవిడ ఒక్కగానొక్క కొడుకు. పడవ బోల్తాపడి ఏట్లో పోయాడు, శవం కూడా దొరకలేదు. అతడి పీఠం ఆవిడ పడకగదిలో అలాగే ఉంది. రోజూ గ్లాసులో నీళ్ళు మారుస్తుంది. తెలియనివాళ్ళం కాదు. కానీ ఊరందరి పీఠాలూ విప్పే మనిషికి, నీది విప్పుకోమని ఎవరు చెబుతారు?

ఎలోదియా కత్తెర మళ్ళీ చేతిలోకి తీసుకుంది. మర్నాడు మ్యూజియానికి వచ్చి పీఠం కట్టింది. తొమ్మిది రాత్రులూ వేయించిన అరటికాయా, చెరుకుసారా మధ్య గొంతులు బొంగురుపోయేదాకా పాడాం. చివరి తెల్లవారుజామున, పెద్దలింకా దారిలో ఉండగానే, ఆవిడ ఇంటి నుంచి నికనోర్ పీఠం దుప్పటీ, గ్లాసూ తెచ్చి ఆ మెట్ల మీద పెట్టింది. కొవ్వొత్తులు ఒక్కొక్కటే ఆర్పేశాక, ముడులన్నీ తనే విప్పి, గుమ్మం వైపు తిరిగింది.

"వీళ్ళతో వెళ్ళిపో నాన్నా. ఒంటరిగా పంపలేకే ఇన్నాళ్ళూ ఉంచుకున్నాను."

అర్సేనియో వెళ్ళి తలుపులు బార్లా తెరిచి, పక్కకు తప్పుకున్నాడు.