గుర్రపుడెక్క వంతెన

ఓటిలియాకు మొదట్లో ఆ నీళ్లంటే ప్రేమేమీ లేదు. ఆ సంగతి ఆవిడే చెప్పేది. కొండల్లోని ఊరు వదిలి రాజధాని బొగోతా చేరాక, ఆవిడా మొగుడూ కొన్నది నేల కాదు, బురద. హుంకాల్ చిత్తడిలో ఎవరో తాళ్లు కట్టి అమ్మిన ఆరు మీటర్ల వెడల్పు, పన్నెండు మీటర్ల పొడవు బురద. రెండేళ్లపాటు ఇటుక ముక్కలూ, పగిలిన పెంకులూ, కూల్చిన గోడల మట్టీ చేతిబండిలో తెచ్చి అందులో పోశారు. కప్పలు అరుస్తూనే ఉన్నాయి, వీళ్లు పోస్తూనే ఉన్నారు. చివరికి నీళ్లు వెనక్కి తగ్గాయి. ఆ పేటలో ఇళ్లన్నీ అలా లేచినవే.

మొగుడు పోయాక, ఇస్త్రీ పనికి చేతులు సహకరించడం మానేశాక, ఒక పొద్దున మేడ మీద బట్టలు ఆరేస్తుంటే వెనక మిగిలిన జమ్ములోంచి పందిపిల్ల పీక నొక్కినట్టు ఒక కేక వినిపించింది. ఎర్ర ముక్కు, బూడిద రంగు రొమ్ము, కోడిపెట్టంత పక్షి ఒకటి బయటికొచ్చి, ఆవిణ్ణి ఒక్క చూపు చూసి మళ్లీ జమ్ములోకి దూరింది. రొట్టెల కొట్టు నూబియా చెప్పింది, అది తింగ్వా అనీ, ఈ కొండల పైనున్న చిత్తడుల్లో తప్ప ఎక్కడా ఉండదనీ.

"అయితే మా వంటిల్లు దాని తాతల గూటి మీదే ఉందన్నమాట," అంది ఓటిలియా. నూబియా నవ్వింది. ఓటిలియా నవ్వలేదు.

ఆ తర్వాత పదిహేడేళ్లు ఆదివారాలన్నీ నీళ్లలోనే గడిచాయి. మోకాళ్లు దాటే రబ్బరు బూట్లు, ఉన్ని శాలువా, పొడవాటి కర్రకు ఇనప పళ్లు బిగించిన దంతె. నీటిని మూసేసే గుర్రపుడెక్కను పేట జనం లాగి ఒడ్డున వేసేవారు. పని అయ్యాక వేడి బెల్లం నీళ్లు, రొట్టె, జున్ను. ఆపైన పక్షుల లెక్క. బస్సు నడిపి రిటైరైన అబెలార్దో ప్రతి బాతునూ రెండుసార్లు లెక్కపెట్టేవాడు.

"మీ బస్సులోనూ ఇంతేనా, దోన్ అబెలార్దో? ఒక్కో మనిషికి రెండు టికెట్లా?" అనేది ఓటిలియా, అక్కడి మర్యాద ప్రకారం పేరుకు ముందు 'దోన్' చేర్చి.

"మీరెప్పుడైనా టికెట్ కొన్నారా, దోన్యా ఓటిలియా? వెనక తలుపులోంచేగా ఎక్కేవారు!"

చిత్తడి మధ్యన జమ్ముతో నిండిన చిన్న దిబ్బ ఉండేది. చుట్టూ లోతైన కాలువ. పదిహేడో ఏడు హుంకాల్ మొత్తానికి మిగిలిన ఒకే ఒక్క తింగ్వా జంట అక్కడ గూడు పెట్టింది. నాలుగు నల్లటి పిల్లలు, ఉన్ని ఉండల్లా. వాటిని చూసిన రోజు ఓటిలియా ఇంటికి పోయి వంటింట్లో చాలాసేపు కూర్చుంది. ఇల్లు కట్టినప్పుడు లాక్కున్నదాంట్లో కొంచెం తిరిగిచ్చానని, ఆ ఒక్క రోజే ఆవిడకు అనిపించింది. బడిపిల్లల్ని వచ్చే నెల తీసుకొచ్చి దూరం నుంచి చూపిద్దామని నూబియా, తనూ అనుకున్నారు.

ఇక్కడే చెప్పవలసిన సంగతి ఒకటి ఉంది. లాగిన గుర్రపుడెక్కను అంతకుముందు అవతలి ఒడ్డున గోతిదాకా మోసేవారు. ఆ ఏడు ఓటిలియా మోకాళ్లు మొరాయించాయి. "ఇంత దూరం ఎందుకు మోయడం? ఇక్కడే కాలువ పక్కన వేసేద్దాం, అదే ఎండిపోతుంది," అంది. ఆవిడ మాటకు ఎదురు చెప్పేవాళ్లు లేరు. పైగా అందరికీ సుఖంగానే ఉంది. ఎనిమిది ఆదివారాలు అక్కడే వేశారు. కుప్ప పెరిగి కాలువలోకి జారింది. జారినదాని మీదే మళ్లీ వేశారు. వానలు లేని రోజులు. పైన ఎండి గట్టిపడింది.

బడిపిల్లలు రావలసిన ఆదివారానికి ముందురోజు పొద్దున్నే ఓటిలియా ఒక్కతే వెళ్లింది. కుప్ప మీద మంచుకు తడిసిన అడుగుజాడలు కనిపించాయి. కుక్కలవి. ఒడ్డు నుంచి దిబ్బదాకా, తారు రోడ్డు మీద నడిచినంత నిశ్చింతగా. ఆవిడ ఆ దారినే నడిచింది. కాళ్ల కింద కుప్ప కొంచెం కూడా దిగలేదు. జమ్ము విరిగి పడి ఉంది. గూటి పక్కన బూడిద రంగు ఈకలు, ఒక ఎర్రటి కాలు. పక్షిపిల్లల ఆనవాలే లేదు.

మర్నాడు బడిపిల్లలు అట్టతో చేసిన ఎర్ర ముక్కులు పెట్టుకుని వరసగా వచ్చారు. నూబియా ఓటిలియా మొహం చూసి, ఆవిణ్ణి పక్కకు లాగింది.

"ఏమైంది, దోన్యా?"

"లేవు. కుక్కలు తిన్నాయి."

నూబియా వరసలో నిలబడ్డ పిల్లలవైపు చూసింది. తర్వాత గొంతు తగ్గించి, "ఇవాళ్టికి బాతుల్ని చూపిద్దాం. పిల్లలకేం తెలుస్తుంది?" అంది.

అబెలార్దో వచ్చి టోపీ తీశాడు. "ఆ దిక్కుమాలిన కుక్కల్ని పట్టించమని ఎన్ని అర్జీలు పెట్టాం! ఒక్కడైనా కదిలాడా?"

"కుక్కలు ఆ కాలువ ఈదవు, దోన్ అబెలార్దో. ఇన్నేళ్లలో ఒక్కటి దాటిందా? దారి నేనేశాను."

"అందరం వేశాం. మీరొక్కరే ఎందుకు నెత్తినేసుకుంటారు?"

"ఇక్కడే వెయ్యమన్నది ఎవరు?"

అబెలార్దో టోపీ మళ్లీ పెట్టుకున్నాడు. అవతల పిల్లలు బాతుల్ని చూసి కేరింతలు కొడుతున్నారు.

"ఇల్లు కట్టినప్పుడు తెలిసే పూడ్చాం," అంది ఓటిలియా. "ఈసారి బాగు చేస్తున్నాననుకుంటూ పూడ్చాను."

ఎవరూ ఆవిణ్ణి ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. పైగా ఆ వారమే పేట సంఘం గోడ మీద తింగ్వా బొమ్మా, పక్కనే దంతె పట్టుకున్న ఆవిడ బొమ్మా వేయించారు. ఆ గోడ కనపడకుండా ఉండాలని ఓటిలియా చుట్టూ తిరిగి రొట్టెల కొట్టుకు పోయేది.

సోమవారం నుంచి రోజూ పొద్దున్నే దంతెతో వెళ్లి ఆ కుప్పను తవ్వింది. నానిపోయిన అడుగుభాగం బరువుగా, ముక్కలు ముక్కలుగా విడివడి నీళ్లలో తేలిపోయేది. బాట మీద నడిచేవాళ్లు ఆగి చూసేవారు. "ఇన్నేళ్లూ బయటికి లాగి, ఇప్పుడు నీళ్లలోకే తోస్తోందేమిటి ఈవిడ?" అని ఒకామె అనడం వినిపించింది. ఓటిలియా తల తిప్పలేదు.

జంటలో ఒకటి బతికే ఉంది. మొదటి రోజు నుంచీ జమ్ములో ఎక్కడి నుంచో ఆ పందిపిల్ల కేక వేసేది, ఆగేది, మళ్లీ వేసేది. దానికి బదులు చెప్పేది ఏదీ లేదు. కేక వినిపించినంతసేపూ ఓటిలియా దంతె ఆపి నిలబడేది. తొమ్మిదో రోజుకు కాలువ తెరుచుకుంది. రెండు బారల వెడల్పున నల్లటి నీళ్లు, కుక్క దాటలేనంత. పదో రోజున ఆవిడ వెళ్లేసరికి జమ్ము నిశ్శబ్దంగా ఉంది.

ఎండ ఎక్కేదాకా ఒడ్డున నిలబడింది. అబెలార్దో లెక్క పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చి, కాసేపు తనూ చెవి ఒగ్గి విన్నాడు.

"తింగ్వా పక్కన ఏం రాయమంటారు, దోన్యా ఓటిలియా?"

ఆవిడ దంతె పళ్లలో చిక్కుకున్న గుర్రపుడెక్క వేళ్లను ఒక్కొక్కటిగా తీసి ఒడ్డున పెడుతోంది. అన్నీ తీసేదాకా అబెలార్దో నిలబడే ఉన్నాడు.