నాలుగో ముడి, నీలం గుడ్డ

మా లీగు మాస్టారు పోయారు. మంగళవారం పొద్దున యాంగోన్ రేవు పక్కన సేక్కాన్‌లో మా షిప్పింగ్ ఆఫీసు కిటికీ తలుపులు తెరుస్తూ ఉండగా ఆయన కోడలు ఫోన్ చేసింది. నది మీద మంచు ఇంకా విడలేదు. అవతలి ఒడ్డు దలా నుంచి వచ్చే పడవ కూత వినపడుతోంది గాని పడవ కనపడటం లేదు. "అక్కా, మావయ్య మరి నేరు. తెల్లారి టీ ఇద్దారని లేపితే లెగనేదు" అంది. ఫోన్ పెట్టేశాను. పడవ ఎప్పుడు బయటపడుతుందా అని చూస్తూ అక్కడే నిలబడిపోయాను. అది కనపడేసరికి బల్ల మీద నా టీ కూడా చల్లారిపోయింది.

ఆయన ఎవరో మీలో చాలామందికి తెలియదు. పేపర్లో పేరు పడే మనిషి కాదు. యాంగోన్‌లో కొన్ని కాలేజీలు కలిసి ఏటా ఆటల పోటీలు పెట్టుకుంటాయి. ఆ కూటమినే మేం లీగు అంటాం. దానికి గుమాస్తా, మినిట్సు రాసే మనిషి, మైదానంలో గీతలు గీసే మనిషి, అన్నీ ఆయనే. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ ఓడల్లో మూటలు మోసిన కుటుంబం వాళ్ళది. ఆయన మాత్రం రేవు పక్కనున్న మా కాలేజీలో డ్రిల్లు మాస్టారయ్యారు. బర్మా పిల్లలు సయా అనేవారు, మన ఇళ్ళ పిల్లలం మాస్టారూ అనేవాళ్ళం. నన్ను మాత్రం ఆయన, శ్రీకాకుళం వైపు ఆడపిల్లను పిలిచినట్టు, గుంటా అనే పిలిచారు. నాకు యాభై దాటి, మోకాళ్ళు మొరాయించడం మొదలుపెట్టాక కూడా నేను గుంటనే.

పోటీల రోజు తెల్లవారుజామున ఆయన గీతలు గీస్తుంటే చూడాలి. అడుగున చిల్లులు పొడిచిన బిస్కెట్ డబ్బాకు కర్ర బిగించి, అందులో సున్నం పొడి పోసుకునేవారు. కర్రతో డబ్బాను తడుతూ వెనక్కి నడిచేవారు. ముఖం మా వైపు, వీపు మంచు వైపు. గీత ఆయన కాళ్ళ ముందు పుట్టి మా దాకా పాక్కుంటూ వస్తున్నట్టుండేది. నడుస్తూ నడుస్తూ ఆయన మంచులో కరిగిపోయేవారు. కాసేపు డబ్బా చప్పుడు మాత్రం టక్ టక్‌మని వినపడేది. అటు చుట్టు తిరిగి మా వెనకనుంచి వచ్చేసరికి భుజాలు, మీసాలు తెల్లబడిపోయి ఉండేవి. వెనక్కెందుకు నడుస్తారని ఒకసారి అడిగాను.

"ముందుకి నడిస్తే మన గీత మనవే తొక్కీసుకుంతాం గుంటా" అన్నారు.

ఇందులో పెద్ద అర్థమేమీ లేదు. నిజంగానే తొక్కేస్తాం. అయినా ఆ మాట నాతోనే ఉండిపోయింది.

లేన్లకు కొలత ఆయన దగ్గరున్న తాడు. నాలుగడుగులకో ముడి, ముడికో రంగు గుడ్డ పీలిక. లీగులోని ప్రతి కాలేజీకీ ఒక ముడి, దాని జెండా రంగు గుడ్డ. ఆ ముడి ఎక్కడ పడితే ఆ లేన్ ఆ కాలేజీది. మొదటిది ఆకుపచ్చ, సరస్సు దగ్గరి పెద్ద కాలేజీ. రెండోది తెలుపు, ఆడపిల్లల కాలేజీ. మూడోది ఎరుపు, సాయంత్రాలు నడిచే కామర్సు కాలేజీ. నాలుగోది నీలం, అది మాది. ఐదోది పసుపు, పంతుళ్ళను తయారుచేసే కాలేజీ. ఆ తర్వాత లైంగ్‌థార్యార్ మిల్లుల మధ్య పుట్టిన టెక్నికల్ కాలేజీ వచ్చి చేరింది, దానికి గోధుమ రంగు. చిట్టచివర్న నది దాటి దలా కాలేజీ వచ్చింది. వాళ్ళకప్పటికి జెండా లేదు, అందుకని మాస్టారు తన పాత గళ్ళ లుంగీ అంచు చింపి కట్టారు. తరవాత వాళ్ళు జెండా కుట్టించుకుంటే అది కూడా గళ్ళదే అయింది. లీగు చరిత్ర అంతా ఆ తాడే అనుకోండి. మినిట్సు పుస్తకాలు చెదలు తిన్నాయి గాని తాడు తినలేదు. పోటీలు లేని నెలల్లో ఆయన కోడలు దాని మీద బట్టలారేసేది. రంగు పీలికల మధ్య పిల్లల చొక్కాలు ఊగుతుంటే ఆ డాబా మీద ఏటా ఏదో పండగలాగే ఉండేది.

చేరడం ఉన్నట్టే వెళ్ళిపోవడమూ ఉంది. కాలేజీలు మూతపడ్డ ఏళ్ళున్నాయి. ఊరి బయటికి, పొలాల మధ్యకి తరలించిన ఏళ్ళున్నాయి. ఆడపిల్లల కాలేజీని పెద్ద కాలేజీలో కలిపేశారు. పంతుళ్ళ కాలేజీ వేరే ఊరికి వెళ్ళిపోయింది. వాళ్ళకంటే ముందు వెళ్ళింది మేమే.

అప్పుడు నేను ఆఖరి ఏడు చదువుతున్నాను. నాలుగొందల మీటర్ల పరుగు నాది. ఆ ఒక్క పరుగు కోసం ఏడాదంతా తెల్లారకముందే లేచి స్ట్రాండ్ రోడ్డు పక్కన పరిగెత్తాను. కూలీలు నవ్వేవారు, కుక్కలు వెంటపడేవి. ఈలోగా మా కాలేజీలో సగం క్లాసులు ఊరి బయటికి తరలిపోయాయి. నాలుగు ఆటలకు జట్లు తేలేని కాలేజీ లీగులో ఉండకూడదని నియమం. మాకు రెండింటికి కూడా మనుషులు చాలలేదు. సమావేశంలో చేతులెత్తారు, మమ్మల్ని తీసేశారు. ఆ తీర్మానం నిలబడి చదివింది మా మాస్టారే. మా కాలేజీ జీతం తింటూ మా కాలేజీ పేరు ఆయనే కొట్టేశారు.

నాకు కోపం త్వరగా వస్తుంది, పోయేటప్పుడు మాత్రం తీరిగ్గా పోతుంది. వాళ్ళింటికి వెళ్ళి, గుమ్మంలోనే నిలబడి, నోటికొచ్చిందల్లా అన్నాను. "మీరే చదివారు కదా! గొంతు కూడా వణకలేదట!" అన్నాను. ఆయన మెట్టు మీద కూర్చుని తాడుకి కొత్త ముడులు బిగిస్తున్నారు. తల ఎత్తలేదు.

"సదవడం నా పని. సదివేను. గియ్యడం కూడా నా పనే. ఎల్లుండి పొద్దున బూట్లెట్టుకొని రా."

"ఎందుకు? చప్పట్లు కొట్టడానికా?"

"ఏటీ అడక్కు. రా, అంతే."

వెళ్ళకూడదనే అనుకున్నాను. వెళ్ళాను. మంచులో మైదానం సగమే కనపడుతోంది. మమ్మల్ని తీసేశాక ఐదు లేన్లుండాల్సిన చోట ఆరూ ఉన్నాయి. నాలుగోది కూడా, మిగతా వాటంత తెల్లగా. నీలం గుడ్డ ముడి దగ్గర మాస్టారు నిలబడి చేత్తో నన్ను పిలిచారు. స్టార్టరు జాబితా చూసి, నాలుగులో ఎవరూ లేరే అన్నాడు. మాస్టారు బర్మాలో తాపీగా జవాబిచ్చారు: గీత ఉంది, పిల్ల ఉంది, నీ ఈల నువ్వు ఊదు. ఆ స్టార్టరు కూడా ఒకప్పుడు మాస్టారి దగ్గర డ్రిల్లు నేర్చుకున్నవాడే. ఊదాడు.

ఆ పరుగు నాకు కలలాగే గుర్తు. అటు ఇటు ఎవరున్నారో తెలియలేదు. నా ముందు రెండు తెల్లగీతలు, వాటి మధ్య నేను, అంతే. మలుపులో ఒకచోట నా ఊపిరి చప్పుడు కూడా ఆగిపోయి, నది మీద పడవ కూత ఒక్కటే వినిపించింది. మూడోదాన్నై వచ్చాను. జాబితాలో మూడో స్థానం పంతుళ్ళ కాలేజీ పిల్లకు రాశారు. ఆ పిల్ల తన మెడలోని రిబ్బన్ని ఒకసారి, నన్ను ఒకసారి చూసి తల దించుకుంది. నేను మాస్టారి దగ్గరికెళ్ళి, నా పేరు మీరు రాయరా అని అడిగాను.

"రాయడానికి మన పేరు నేదు గుంటా. మూడోదానివి. నాను సూసేను గదా, సాలదేటి?"

చాలదనే అన్నాను. ఇంటికెళ్ళి ఏడ్చాను కూడా. ఇన్నేళ్ళూ అది చాలింది. రోడ్డు మీద ఎప్పుడు ఎదురైనా ఆయన ఒక చూపు చూసేవారు. "మోకాళ్ళు ఎలగున్నాయే?" అని అడిగేవారు. ఆ అడగడంలో ఆ పరుగు మొత్తం ఉండేది. మంగళవారం కిటికీ దగ్గర నన్ను నిలబెట్టేసింది అదే. ఆ పరుగు ఏ కాగితం మీదా లేదు. చూసిన మనిషి ఉన్నాడన్న ధీమాతో బతికాను. ఇప్పుడు ఆ మనిషి లేడు.

మా తర్వాత ఏ కాలేజీ వెళ్ళిపోయినా ఆయన దాని గుడ్డ విప్పలేదు, దాని లేన్ గీయడం మానలేదు. నలుగురు పరిగెత్తే చోట ఏడు లేన్లేమిటని నవ్విన వాళ్ళున్నారు. ఒకే ఒక్క ఏడు, ఆయనకు కామెర్లు వచ్చి మంచం పట్టినప్పుడు, వేరే ఎవరో వచ్చి ఉన్న కాలేజీలకు సరిపడా ఐదే గీశారు. దలా కుర్రాడికి ఐదో లేన్ ఇచ్చారు. ఈల ఊదగానే వాడు బాగానే బయల్దేరాడు. మలుపు తిరిగేసరికి అలవాటు చొప్పున బయటికి జరిగి జరిగి, గీతే లేని తన ఏడో లేన్లోకి వెళ్ళిపోయి, గడ్డిలో ఒక్కడే ప్రాణం పెట్టి పరిగెత్తాడు. అందరికంటే ముందు వచ్చాడు, లేన్ తప్పాడని పేరు కొట్టేశారు. మంచం మీద ఈ సంగతి విని మాస్టారు పొట్ట పట్టుకుని నవ్వారు. "ఆడి కాల్లకి తెలుసు" అన్నారు. ఆ కుర్రాడే ఇప్పుడు దలా కాలేజీలో ఆటల సయా. జుట్టు నెరిసింది.

ఈ శనివారమే ఈ ఏటి పోటీలు. మాస్టారి దహనమైన మర్నాడు లీగు కమిటీ కూర్చుంది. మినిట్సు పని రెండేళ్ళుగా మ తందా అనే అమ్మాయి చూస్తోంది, చురుకైనది. నన్ను కూడా రమ్మంది, ఆయన గురించి నాలుగు మాటలు చెప్పమని. చెప్పకముందే మైదానం సంగతి వచ్చింది. కాలేజీలు నాలుగు, లేన్లు నాలుగు చాలు, ఆ మిగతావి ఆయన ముచ్చట, ఆయనతోనే పోయాయి అన్నాడొకాయన. మర్యాదగానే అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నాలుగో లేన్ పోతే నా పరుగు జరిగిన చోటు కూడా ఉండదని ఆయనకేం తెలుసు! లేచి నిలబడ్డాను. నేను నోరు తెరిచేలోగా దలా సయా చెయ్యెత్తాడు.

"నేను ఏడో లేన్లోనే పరిగెత్తుతాను" అన్నాడు బర్మాలో. "మీరు గీసినా, గీయకపోయినా."

కామెర్ల ఏడు సంగతి తెలిసిన వాళ్ళు నవ్వారు, తెలియని వాళ్ళకు తెలిసిన వాళ్ళు చెప్పారు. నవ్వు అణిగాక ఎవరూ నాలుగు లేన్ల మాట ఎత్తలేదు. మ తందా పుస్తకంలో ఏడు అని రాసుకుని, "ఎవరు గీస్తారు?" అంది. అందరూ నావైపు చూశారు.

తాడు తెచ్చుకోవడానికి వాళ్ళింటికెళ్ళాను. కోడలు దాని మీది బట్టలు తీసి, మడతపెట్టి ఇచ్చింది. ఏడు ముడుల తర్వాత ఇంకొకటుంది, గుడ్డ లేకుండా. ఆయన తువ్వాలు చింపి అక్కడ కడదామా అక్కా అని అడిగింది, కళ్ళు తుడుచుకుంటూ. నేను వద్దన్నాను, కొంచెం గట్టిగానే అన్నానేమో. అది ఎప్పుడో ఇంకెవరో వస్తారని ఆయన వదిలిన ముడి. ఆయనకి లేన్ ఎందుకు? ఎప్పుడూ గీత బయటే నిలబడ్డ మనిషి.

శనివారం తెల్లవారుజామున మైదానంలో మేమిద్దరమే ఉన్నాం, మ తందా, నేను. నది వైపునుంచి మంచు దట్టంగా వచ్చి గడ్డి మీద కూర్చుంది. తాడు పరిచాం. ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు గీసేసరికి నా భుజాలు సున్నమయ్యాయి, మోకాళ్ళు తిట్టడం మొదలుపెట్టాయి. నాలుగో ముడి దగ్గర ఆగాను. నీలం గుడ్డ వెలిసి ఇంచుమించు బూడిదరంగైపోయింది. నేను దాన్ని వేలితో ఒకసారి తాకి, డబ్బా నిండా సున్నం పోసుకుని, వెనక్కి నడవడం మొదలుపెట్టాను. టక్ టక్. గీత నా కాళ్ళ ముందు పుట్టి ముడి వైపు సాగుతోంది. పది అడుగులకు తందా మసకేసింది. ఇరవై అడుగులకు ముడి కనపడలేదు, తందా కనపడలేదు. ఆ మంచులో అటుచివర ఎవరో నిలబడి చూస్తున్నట్టే ఉంది నాకు. కళ్ళు తుడుచుకుందామంటే చేతుల నిండా సున్నం.

"ఆంటీ!" అని మంచులోంచి తందా గొంతు. "మీరు నాకు కనపడటం లేదు. గీత ఒక్కటే కనపడుతోంది."

నేను ఆగకుండా డబ్బా తడుతూ వెనక్కి నడిచాను.