హాజరు పిలిచే గొంతు

రెండేళ్ల కిందటి ఆగస్టు. కోనసీమ పల్లెల్లో పిల్లలు బడి మానేయకుండా చూసే ఒక స్వచ్ఛంద సంస్థలో నేను ఫీల్డ్ కోఆర్డినేటర్ని. అంటే మోటారు సైకిలు మీద తిరుగుతూ, వద్దన్నా వినకుండా ఇచ్చే కాఫీలు తాగే ఉద్యోగం.

నగరం అనే ఊరి దగ్గరి ఒక హైస్కూలు నుంచి ఫోనొచ్చింది. ఆరో తరగతిలో చేరిన రూతు వారానికే మానేసిందట. శనివారంలోగా రాకపోతే పేరు డ్రాప్ బాక్సులో వేస్తామన్నారు. బడికి రాని పిల్లల పేర్లు చేరే ఆన్‌లైన్ జాబితా అది. అందులో పడడం తేలిక, బయటికి రావడానికే తీరిక కావాలి.

రూతు తల్లి కువైట్‌లో ఉంది. మామ్మ మార్తమ్మగారు నన్ను అనుమానంగా చూశారు. "రోజూ యెల్తందండీ. కేరేజీ నేనే కడతాను. నాలుగింటికి వచ్చేత్తాది." ఆవిడ అబద్ధమాడే మనిషి కాదు. హెడ్మాస్టరుగారూ కాదు. ఇద్దరి మధ్యా ఒక పిల్ల రోజూ ఏడు గంటలపాటు లేకుండా పోతోంది.

కాలవ గట్టు మీద కొబ్బరికాయలు ఒలుస్తున్న ఒకాయన మాత్రం, ఆ వేసవిలో మూసేసిన ప్రాథమిక పాఠశాల వైపు వెళ్లొద్దన్నాడు. "పొద్దున్నే అందులో పేర్లు పిలుత్తన్నారండి. పలుకుతున్నారు కూడానండి."

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. అయినా ఆ బడి ముందు బండిని తిరుగు ముఖం పెట్టి ఆపాను.

కిటికీ దగ్గర నిలబడి విన్నాను. ఒక గొంతు పేరు పిలిచింది. మరో గొంతు "ప్రెజెంట్ సార్" అంది. మళ్లీ పేరు, ఇంకో గొంతు. తొంగి చూస్తే గదిలో ఒక్కతే పిల్ల, యూనిఫాంలో, ఖాళీ బల్లలకెదురుగా నిలబడి ఉంది. పదకొండు పేర్లకీ పదకొండు గొంతులు. ఆఖర్న "రూతు" అంది. ఎవరూ పలకలేదు. కాసేపు ఆగి మళ్లీ పిలిచింది. పుస్తకంలో ఏదో గీత గీసింది. అంత ఉక్కపోతలోనూ నాకు చలేసింది, జ్వరమేమో అనుకున్నాను.

లోపలికి వెళ్లి వెనక బల్ల మీద కూర్చున్నాను. "రూతు అంటే నువ్వే కదమ్మా? నీ పేరుకి పలకలేదేం?"

"ఆ అమ్మాయి బడికి రావట్లేదండి."

ఎందుకు రావట్లేదో కూడా ఎవరి గురించో చెప్పినట్టే చెప్పింది. హైస్కూల్లో ఆ అమ్మాయిని పాఠం చదవమన్నారట. చదవడం రాలేదట. అందరూ నవ్వారట. ఐదో తరగతి దాకా ఆ అమ్మాయితో ఇక్కడ చదివిన పదకొండు మందీ తలో బడికీ పోయారట. అక్కడ ఆ అమ్మాయి పక్కన ఎవరూ కూర్చోరట.

శుక్రవారానికల్లా హైస్కూల్లోనే బ్రిడ్జి క్లాసు మొదలుపెట్టించాం. వెనకబడ్డ పిల్లలకి చదవడం మొదటినుంచీ నేర్పే తరగతి అది. మిగతా పీరియడ్లలో మా వలంటీరు లక్ష్మిగారు, నలభై ఏళ్ల వయసులో, నెలరోజులు రూతు పక్కన బెంచీ మీద కూర్చున్నారు. లెక్కలు ఆవిడకీ కొంత మెరుగుపడ్డాయి. రూతు ఇప్పుడు ఎనిమిదో తరగతి.

అంతకు ముందు ఏ ఇంటికెళ్లినా "పిల్ల బడికెళ్తోందా?" అని అడిగేవాణ్ణి. మా వైపు మర్యాదకి దానికి "ఆయ్" తప్ప జవాబుండదు. ఇప్పుడు "నీ పక్కన ఎవరు కూర్చుంటారు?" అని పిల్లల్నే అడుగుతున్నాను. బడికెళ్లే పిల్లలు చటుక్కున చెప్తారు, రెండు చాడీలు కలిపి మరీ.

మొన్న ఒకింట్లో ఒక అమ్మాయిని అడిగాను. పక్కనున్న ఖాళీ జాగా వైపు చూసి, చిన్నగా నవ్వి, ఒక పేరు చెప్పింది. వాళ్ల బడి రిజిస్టరంతా తిరగేశాను. ఆ పేరుతో ఎవరూ లేరు.

మర్నాడు పొద్దున్నే మళ్లీ వాళ్లింటికి బయల్దేరాను.