నీళ్లపొయ్యిలో తోసిన కేసు కాగితాలు

నాకు నోటి దురుసు జాస్తి. ఆ పొద్దు మా ఊరి బడి వరండాలో మాత్రం నా నోరు పడిపోయింది.

మాది కుప్పం పక్కన, అడవి అంచున ఒక పల్లె. మా నాయన దున్నే మూడెకరాల రాగి చేను ఫారెస్టు భూమిలో ఉండాది. తాత కాలం నుంచీ అంతే, పట్టా లేదు. ఏనుగులు తొక్కినా పరిహారం అడిగే మొగం లేదు. లెయ్యమంటే లేసిపోవాల్సిందే.

ఫారెస్టోళ్లు వస్తే తక్కినోళ్లంతా దున్నే మడకలు ఇడిసిపెట్టి పరిగెత్తేవాళ్లు. నాయన కదలడు. "దున్నతాండాను సార్. మా నాయనా దున్నినాడు. రాసుకోండి" అనేవాడు. మనిషికి అబద్ధం రాదు, అదీ ఆయన రోగం. వాళ్లు రాసుకునేవాళ్లు. తాత మీద, నాయన మీద పెట్టిన కేసుల కాగితాలు గుడ్డలో మూటకట్టి రేకుపెట్టెలో పడుండేవి. బళ్లో పిల్లోళ్లు నన్ను 'కేసులోళ్ల పాప' అనేవాళ్లు. ఆ మూటను చూస్తేనే నాకు ఒళ్లు మండేది.

నన్ను చూడను పుంగనూరు నుంచి పెండ్లికొడుకు వాళ్లు వస్తాండారంటే ఇల్లంతా సున్నం కొట్టినాము. పెట్టెలు బయటికి దించినప్పుడు ఆ మూట నా చేతికి దొరికింది. వచ్చినోళ్ల కంట పడితే కేసులున్న ఇంటి పిల్లని చేసుకుంటారా? తీసుకుపోయి నీళ్ల అండా కింద పొయ్యిలో తోసినాను. ఆ నీళ్లే తలకు పోసుకుని, పూలు పెట్టుకుని కూర్చున్నాను. పెండ్లి కుదిరింది. పీడ విరగడయిందనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

పోయిన ఏడు నాయన ఫోన్ చేసినాడు. "పాపా, అటవీ హక్కుల కమిటీ మీటింగు ఉండాది. నువ్వు చదువుకున్నదానివి, వచ్చి అర్జీ రాయి." మేము ఇప్పుడు ఉండేది మదనపల్లెలో. పొద్దున్నే బస్సెక్కి పోయినాను. మీటింగు బడి వరండాలో పెట్టినారు.

వచ్చిన ఆఫీసరు ఓపికగా చెప్పినాడు. అడవి అడవిగానే ఉండాల, కొత్తగా ఒక్క చెట్టు కొట్టకూడదు. అయితే మూడు తరాలుగా దాన్నే నమ్ముకుని బతికినోళ్లకు చట్టం హక్కు ఇస్తాది. దానికి రెండు సాక్ష్యాలు కావాల. ఊరి పెద్దల మాట ఒకటి, కాగితం ఇంకొకటి.

"కాగితం యాడ నుంచి తెచ్చేది సార్? పట్టా ఉంటే మీ దగ్గరికి యాల వస్తాము?" అని నేను తగులుకున్నాను.

"పట్టా కాదమ్మా. మీ తాత మీద పెట్టిన ఫారెస్టు కేసు కాగితం ఉన్నా చాలు. ఆడ దున్నినాడని గవర్నమెంటే రాసినట్టు కదా."

నేను రాస్తా ఉన్న అర్జీ ఆడికే ఆపినాను. ఎదురింటి మామ వాళ్ల నాయన పరిగెత్తలేక ఒకే ఒకసారి దొరికినోడు. ఆ ఒక్క కేసు కాగితాన్ని మామ ప్లాస్టిక్ కవర్లోంచి తీసి టేబుల్ మీద పెట్టినాడు. ఆఫీసరు సంతోషంగా తీసుకున్నాడు.

నాయన మొగం వెలిగిపోయింది. "మావి మూటెడు ఉండాయి సార్. పాపా, పోయి పెట్టె తెరిచి తీసుకురా."

నేను లేవలేదు. "కాల్చేసినాను నాయనా" అన్నాను, ఆయనకొక్కడికే వినపడేటట్టు. "నా పెండ్లిచూపుల పొద్దు. సిగ్గయి."

తిడతాడని తల వంచుకున్నాను. తిట్టినా బాగుండేది. ఊరంతా ఆడే ఉండాది.

"ఏమప్పా, తెస్తాండారా?" అన్నాడు ఆఫీసరు, పెన్ను పట్టుకుని.

నాయన లేచి నిలబడినాడు.

"ఎలకలు కొట్టేసినాయి సార్" అన్నాడు. "రాసుకోండి."