తడి ఆరని నేల

పెళ్ళయిన రెండేళ్ళూ మా ఇంట్లో నేను చుట్టాన్ని. నా భార్య పులివెందుల ఆడపిల్లల బడిలో పంతులమ్మ, నేను ప్రొద్దుటూరులో టెలిఫోను మెకానిక్కును. శనివారం సాయంత్రం బస్సు దిగేవాణ్ణి, ఆదివారం సాయంత్రం బస్సెక్కేవాణ్ణి. ఆమె నా మేనమామ కూతురే, చిన్నప్పుడు నా జుట్టు పీకిన మనిషే. అయినా ఆ ఒక్క రోజూ నన్ను కూర్చోబెట్టి, వేడివేడిగా వండిపెట్టి మర్యాదలు చేసేది. ఆ మర్యాదలు చూస్తే నాకు ఒళ్ళు మండేది. పులివెందులకు బదిలీ చేయమని అడిగితే, అక్కడ ఫోన్లు కలిపే టెలిఫోను బోర్డే లేనప్పుడు నీకు ఉద్యోగం ఎక్కడినుంచి తెచ్చేది అన్నారు పైవాళ్ళు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త రోజులవి. ఒక ఏడు కడప నుంచి కబురొచ్చింది. కొత్త బోర్డు ఒకటి వస్తోంది. పాతది చాలడం లేదని జమ్మలమడుగు వాళ్ళు అడుగుతున్నారు, అసలే లేదని పులివెందుల వాళ్ళు అడుగుతున్నారు. ఏ ఊళ్ళో గది ముందుగా సిద్ధమై ఇంజనీరు పరీక్షలో నెగ్గుతుందో, బోర్డు ఆ ఊరికి. పులివెందులకు వస్తే దానితోపాటు ఒక మెకానిక్కు ఉద్యోగం కూడా వస్తుంది. కాళ్ళావేళ్ళా పడి గది తయారుచేసే పని నేనే వేయించుకున్నాను. పగలంతా ఆ పని చూసి, ప్రొద్దుటూరులో రాత్రి డ్యూటీ తప్పదు కాబట్టి చివరి బస్సుకు వెళ్ళిపోయేవాణ్ణి.

అద్దెకు తీసుకున్నది ఒక వ్యాపారి వేరుశనగ కాయల కొట్టు. మట్టి మిద్దె కాబట్టి పైకప్పును మోసే దంతెల సందుల్లోంచి సన్నగా మన్ను రాలుతూనే ఉండేది. బోర్డులో మాట కలిపే ఇత్తడి మొనల మధ్య ఆ మన్ను పడితే మాట తెగిపోతుంది. ప్రొద్దుటూరు మగ్గాల వాళ్ళ దగ్గర ముతక గుడ్డ తెచ్చి, గంజి పట్టించి, దంతెల కింద బిగించి సున్నం కొట్టించాను. ఎలుక కన్నాలు గాజుపెంకులు పెట్టి మూయించాను. బ్యాటరీ యాసిడ్ చుక్క పడితే నేలన పరిచిన మన కడప బండ నురగలు కక్కుతుంది. అందుకని బ్యాటరీలకు తారు పూసిన చెక్కబల్ల చేయించాను. ఇంత పనిమంతుణ్ణి, ఎర్తు దగ్గర బోర్లా పడ్డాను.

ఎర్తు అంటే బోర్డు నుంచి నేలలోకి పోయే రాగితీగ. పిడుగు పడితే నేలలోకి దించేదీ, మాట గరగరమనకుండా కాచేదీ అదే. మనిషి లోతు గుంత తీసి, తీగ చివర రేకు కట్టి, బొగ్గూ ఉప్పూ వేసి పూడుస్తాం. ఆ చోట నేల ఎప్పుడూ తడిగా ఉండాలి. డ్రాయింగులో గుంతను గది ముందు చూపించారు. ఆ డ్రాయింగు గీసిన మహానుభావుడు పులివెందుల నేల చూసి ఉండడు. నడుము లోతుకే బండ తగిలింది. ఇద్దరు కూలీలు నాలుగు రోజులు గడ్డపారలతో పొడిచారు. ఎర్తును పరీక్షించే మీటరులో ముల్లు ఎర్రగీత కిందికి దిగితేనే నెగ్గినట్టు. నీళ్ళు పోసినప్పుడు దిగేది. మర్నాటికి మార్చి ఎండకు గుంత ఎండిపోయి ముల్లు మళ్ళీ పైకెక్కేది.

బుధవారం వస్తానని ఇంజనీరు జాబు రాశాడు. ఆ పొద్దున్నే నలభై కడవల నీళ్ళు గుమ్మరిస్తే పరీక్ష గట్టెక్కుతుందని నేను ఎత్తు వేశాను. అది గొప్పగా నా భార్యకు చెప్పాను. ఒంటిపూట బడి ముగించుకొచ్చి ఆమె నోటుపుస్తకాలు దిద్దుతోంది.

“పరీక్ష నాడే పుస్తకం తెరిచే పిల్లోళ్ళు మా బళ్ళోనూ ఉండారు బావా,” అంది తలెత్తకుండా.

“నెగ్గితే చాలు గదా! నేనీడ ఉండేది నీకిష్టం లేదా?”

“శానా ఇష్టం. ఇంజనీరు జీపెక్కి పోతాడు. ఆ గరగర బోర్డుతో కాపురం చేసేది నువ్వు. దినామూ ఊరంతా నిన్ను తిడతాంటే ఇంటికొచ్చి నామీద ఎగురుతావు. అట్లాంటి కాపురం నాకొద్దు.”

ఆమె చెప్పింది నిజం కాబట్టి నాకు ఇంకా కోపం వచ్చింది. విసురుగా బయటికి వచ్చి గది దగ్గరికి నడిచాను. పక్క సందులో రేకుల పని చేసే సాయిబు, గుంతలో నీళ్ళు పోయడానికి నేను చెప్పిన గరాటు చేస్తున్నాడు.

“ఏందప్పా, మొగం అట్ల పెట్టుకున్నావు?” అన్నాడు. సంగతంతా చెప్పాను. సుత్తి కింద పెట్టి నవ్వాడు. “ఎండని నేల యాడుందో కాగితానికేం తెలుస్తాది? నన్నడగాల గానీ. రా.”

మా గది వెనకగోడకు అవతల చిన్న మసీదు ఉంది. నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ మొహమూ కడుక్కున్న నీళ్ళు, రోజుకు ఐదుసార్లు, తూములోంచి వచ్చి ఆ గోడ పక్కనే ఇంకుతాయి. గరిక ఏపుగా పెరిగి ఉంది. కాలు పెడితే మడమ దిగబడింది. మూడు వారాలుగా గోడకు ఇవతల నిలబడి నేలను తిట్టుకున్న నా తెలివికి నాకే సిగ్గేసింది.

శుక్రవారం నమాజు అయ్యాక మసీదు పెద్దను కలిశాను. నెరిసిన గడ్డం, మెత్తటి మాట. అంతా విని ఒక్కటే అడిగాడు.

“పిడుగు పడితే అది యాడికి పోతాది నాయనా?”

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన కాదంటే నా కాపురం మళ్ళీ ఆదివారం బస్సు పాలు. అయినా ఆ ముసలాయన కళ్ళలోకి చూసి బొంకలేకపోయాను.

“ఈ నేలలోకే తాతా. మీరు కాళ్ళు కడుక్కునే తొట్టికి దూరంగా, ఆ చివర తవ్వుతాను. ఉరిమేటప్పుడు మాత్రం ఆ పక్కకు ఎవరూ పోవద్దు.”

ఆయన గడ్డం నిమురుకున్నాడు. “ఉన్నది చెప్పినావు. తవ్వుకో. ఎప్పుడొచ్చినా చెప్పులు ఈడ ఇడిసి రా, అంతే.”

శనివారం ఒక్క పూటలో గుంత అయిపోయింది.

బుధవారం నడి ఎండలో ఇంజనీరు దిగాడు. కోస్తా మనిషి. పైన గుడ్డను వేలితో నొక్కి చూశాడు, చెక్కబల్లను ఊపి చూశాడు. మీటరు బయటికి తీస్తూ, “ఎన్ని కడవలు పోశారు?” అన్నాడు. ఎన్ని ఊళ్ళలో ఎంతమందిని చూశాడో!

“ఒక్కటీ పోయలేదు సార్.”

ముల్లు ఎర్రగీతకు బాగా కిందికి దిగి నిలిచింది. ఆయన మీటరును రెండుసార్లు తట్టాడు. ముల్లు కదల్లేదు. గుంత ఎక్కడని అడిగితే చూపించాను. “డ్రాయింగులో ఇక్కడ లేదే,” అన్నాడు. ఆయన బూట్లూ మేజోళ్ళూ విప్పి, ప్యాంటు మడిచి, ఆ బురదలోకి నడిచాడు. మధ్యాహ్నం నమాజుకు జనం వస్తున్నారు. తూములోంచి నీళ్ళు వచ్చి గరికలోకి పారాయి. ఆయన వంగి చిటికెడు మన్ను తీసి వేళ్ళతో నలిపాడు. తర్వాత ఎర్ర పెన్సిలుతో డ్రాయింగులో గది ముందున్న గుంతను కొట్టేసి, వెనక కొత్త గుంత గీసి సంతకం పెట్టాడు.

“బోర్డు ఇక్కడికే. మరి ఈ ఎండల్లో ఉండడానికి ఏ మెకానిక్ ఒప్పుకుంటాడయ్యా?”

“నేనున్నాను సార్!” అని ఎంత గట్టిగా అరిచానంటే, మసీదులోకి వెళ్ళేవాళ్ళు కూడా తిరిగి చూశారు.

ఆర్డరు చేతికొచ్చిన ఆదివారం నా రేకుపెట్టె ఆమె మంచం కిందికి చేరింది. సాయంత్రం పొయ్యి దగ్గర ఆమె పక్కన కూర్చుని, “మే, రేప్పొద్దున ఏం వండుతాండావు?” అన్నాను.

ఆమె గరిటె పక్కన పెట్టింది. ఆదివారం సాయంత్రం ఆ మాట అడిగే అవకాశం నాకూ, జవాబు చెప్పే అవకాశం ఆమెకూ ఇంతవరకు రాలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

“రేపు ప్రత్యేకంగా వండేదేంది? సంగటి ముద్ద మిగిలింది. మజ్జిగేసి పిసికిస్తా, తిని పనికి పో.”

మర్నాడు పొద్దున నా ఇంట్లో మొదటిసారి చద్ది తిన్నాను.