'చూశాను' గడి

తాతయ్య ఒక్కసారి దగ్గితే మూడు కొండలవతల ఉన్న శత్రువులు తుపాకులు కింద పడేసి చేతులెత్తేసేవాళ్లు. నమ్మకపోతే ఆయన మీసాన్నే అడగండి. అంతటి హవల్దారుకి ముచ్చెమటలు పట్టించింది మాత్రం నోటుపుస్తకంలోని ఒక ఖాళీ గడి.

పటాలంలో కింది సిపాయిని కూర్చోబెట్టి మంచీచెడూ చెబితే ఆ పుస్తకంలో రాయాలి. మిగతా హవల్దార్లు 'చెప్పాను' అని రాసి మూసేసేవారు. తాతయ్య పక్కనే ఇంకో గడి గీసి, పైన 'చూశాను' అని పెట్టుకున్నాడు. చెప్పిన పని జరిగిందని కళ్లారా చూస్తే తప్ప అందులో సిరా పడేది కాదు.

పొడుగు డ్రైవరు ఒకడుండేవాడు. లారీ లోయ అంచున జారినప్పటి నుంచి స్టీరింగు పట్టుకుంటే అతని చేతులు వణికేవి.

"డాక్టరుకి చూపించుకో. బుధవారం పొద్దున నేనే వచ్చి అడుగుతా," అన్నాడు తాతయ్య.

బుధవారం పెద్ద అధికారి తనిఖీకి ఊడిపడ్డాడు. బూట్లు, మంచాలు, దుప్పట్ల మడతలు... మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాక గానీ ఆ గడి గుర్తు రాలేదు. ముద్ద వదిలేసి తలెత్తి చూశాడు. గోడ మీది బండ్ల పట్టీలో పొడుగు డ్రైవరుకి ఎదురుగా 'కొండదారి, పదకొండు గంటలకు' అని ఉంది.

ఎంగిలి చేత్తోనే పరుగెత్తాడు. షెడ్డు దాటాడు, డీజిలు పంపు దాటాడు. లారీ లేదు. చెప్పడానికేం, ఎవడైనా చెబుతాడు. అడుగుతానన్నవాడు అడగకపోతే చెప్పిందంతా గాలికే కదా! తనని తానే తిట్టుకుంటూ గేటు దాకా పోయాడు.

గేటు పక్కనే లారీ. ఇంజను ఆపేసి ఉంది. డ్రైవరు దాని మెట్టు మీద ముడుచుకుని కూర్చున్నాడు.

"వెళ్లలేదేంరా?"

"పొద్దున అడుగుతానన్నారు కదా సార్. మీరు అడక్కుండా ఎలా పోను? ఇందాకట్నుంచి అందరి చేతా తిట్లు తింటున్నా."

"డాక్టరు దగ్గరికి పోయావా?"

"లేదు సార్. ఇక బండి ఇవ్వరేమోనని భయం."

"లే. నేనూ వస్తా, పద."

డాక్టరు గది బయట బల్ల మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. అప్పుడు వణుకుతున్నవి డ్రైవరు చేతులొక్కటే కాదు. సాయంత్రం 'చూశాను' గడిలో అక్షరాలు అందుకే వంకర పోయాయి.

ఇంతవరకూ రాసి మనవరాలు గొప్పగా చదివి వినిపించింది. "చివర్లో 'నిండు ప్రాణం కాపాడాడు' అని పెట్టేయనా తాతయ్యా?"

"కాపాడిందీ లేదు, గాడిదగుడ్డూ లేదు. మరిచిపోయాను. అది రాయి."